సీసం తలుపు, తొమ్మిది నిమిషాలు

"నాలుగింటికి జీపు వస్తుంది వదినా. ఈ అమ్మాయిని ఎక్కించుకుని వెళ్ళిపోతాను. ఆ తర్వాత మీరేం చెప్పాలన్నా కోర్టులో చెప్పుకోండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

లైనమ్మ గోడ గడియారం చూసింది. రెండూ నలభై రెండు.

"గంటా పద్దెనిమిది నిమిషాలు ఉంది. నాకు చాలు," అంది.

ఆమె ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఆఫీసులో లైన్లు పరీక్షించి, ఉద్యోగం అయిపోయాక డిటెక్టివ్ పని మొదలుపెట్టింది. అప్పటి పేరు ఇప్పటికీ వదల్లేదు. ఇన్‌స్పెక్టర్ ఆమె భర్తకు సొంత తమ్ముడు. ఒకే కేసులో ఇద్దరూ ఎదురుపడటం ఇది నాలుగోసారి. మూడుసార్లు అతనే ఓడిపోయాడు. అందుకే ఈసారి జీపుకి ముందే కబురు పెట్టాడు.

స్కాన్ సెంటర్ వరండాలో, తాళం వేసిన గదికి ఎదురుగా ఉన్న బల్ల మీద దర్జీ భార్య కూర్చుని ఉంది. లైనమ్మను పిలిపించింది ఆమే. ఆమె భర్త తొమ్మిదో తారీఖున తలనొప్పితో ఇక్కడ స్కాన్ తీయించుకున్నాడు. ఏమీ లేదని రిపోర్టు ఇచ్చారు. పదకొండున పోయాడు. నిజంగా ఏమీ లేదా అని తేల్చుకుందామని ఆమె స్కాన్ బొమ్మల కోసం వస్తే అవి లేవు. అతనివి ఒక్కటే కాదు, ఆ నెల బొమ్మలన్నీ మంగళవారం నాడు సర్వర్‌లోంచి మాయమయ్యాయి. స్కాన్ తీసే అమ్మాయే వాటిని దొంగిలించిందని ఇన్‌స్పెక్టర్ కేసు రాశాడు.

"ఆ అమ్మాయి తియ్యలేదక్కా," అని దర్జీ భార్య వందోసారి చెప్పింది. "ఆ రోజు గుమ్మం దాకా వచ్చి, ఎందుకైనా మంచిది, ఇంకో డాక్టరుకి చూపించండి అని చెప్పింది తనే. మేమే వినలేదు."

ఆమె ఒళ్ళో గుడ్డసంచి ఉంది. సంచిలోంచి నల్లటి ఇనుప పిడి బయటికి కనిపిస్తోంది.

"అదేంటమ్మా?"

"ఆయన కత్తెర. షాపు ఖాళీ చేసేశాను కదక్కా. ఇది ఎక్కడ పెట్టాలో తెలియక..." ఆమె పిడిని బొటనవేలితో రాసింది. ఇరవై ఏళ్ళు ఒకే వేలు పెట్టిన చోట ఇనుము గుంటపడి మెరుస్తోంది.

లైనమ్మకు ఆ గుంట చూడటం ఇష్టం లేకపోయింది. అందుకే గొంతు కాస్త కటువుగా వచ్చింది. "ఇక్కడే కూర్చో. ఈ తాళం గది వైపు ఎవరు వచ్చినా నన్ను కేకెయ్యి. నేను వచ్చేదాకా కదలకు. అర్థమైందా?"

ఆమె తలూపింది.

స్కాన్ అమ్మాయికి ముప్ఫై ఏళ్ళుంటాయి. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది. మేనేజరు గదిలో కుర్చీ అంచు మీద కూర్చుంది. ఇన్‌స్పెక్టర్ ఆమె వెనకే నిలబడ్డాడు.

"నా కళ్ళముందే మాట్లాడించండి. నాలుగింటిదాకా ఇది నా నీడ దాటి వెళ్ళదు," అన్నాడు.

"'ఇది' ఏంటయ్యా, 'ఇది'? ఆమె నీ చేతికర్రా?" అంది లైనమ్మ. "అమ్మాయ్, మంగళవారం పదకొండూ ఇరవైకి ఎక్కడున్నావు?"

"స్కాన్ గదిలోనండీ. పెద్దావిడ ఒకరికి కడుపు స్కాన్. పదకొండుంపావు నుంచి పదకొండూ ముప్ఫై అయిదు దాకా. రిజిస్టర్‌లో ఉంది."

"తలుపు?"

"మూసే ఉందండీ. స్కాన్ నడుస్తుంటే ఎర్ర లైటు వేసి తలుపు మూస్తాం. మధ్యలో తెరిస్తే మిషన్ ఆగిపోతుంది."

"ఆగిందా?"

"ఆగలేదండీ. ఆగితే మిషన్‌లో పడుతుంది."

ఇన్‌స్పెక్టర్ చప్పట్లు కొట్టినంత పనిచేశాడు. "చూశారా! నేను చెప్పేదీ అదే. పదకొండూ ఇరవైకి ఈమె పేరుతో, ఈమె పాస్‌వర్డ్‌తో సర్వర్‌లోకి ఎవరో వెళ్ళారు. అరవై వేల మెగాబైట్ల బొమ్మలు పదకొండూ ఇరవై తొమ్మిదికల్లా బయటికి లాగేశారు. సరిగ్గా ఆ సమయానికి ఈమె తలుపేసుకుని, మిషన్‌లో పడుకున్న ముసలావిడ తప్ప సాక్షి లేకుండా కూర్చుంది. ఎదురుగా సొంత ల్యాప్‌టాప్. గాల్లో వైఫై. ఇంకేం కావాలి?"

"పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?"

అమ్మాయి తల వంచుకుంది. "అందరికీనండీ. షిఫ్టు మారేటప్పుడు వెతుక్కోకుండా మానిటర్ అంచుకి ప్లాస్టర్ ముక్క మీద రాసి అతికిస్తాం."

"ఇంటి తాళంచెవి గుమ్మానికే కట్టుకున్నారన్నమాట," అని లైనమ్మ మేనేజరు వైపు తిరిగింది. "పోయిన బొమ్మలకి ఇంకో కాపీ ఎక్కడైనా ఉందా?"

మేనేజరు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "సర్వర్‌లోనే రెండో డిస్కు ఉంది మేడమ్. ప్రతి ఆదివారం దానికదే కాపీ అవుతుంది. నిజం చెప్పాలంటే ఇంతవరకు ఎవరమూ తెరిచి చూడలేదు."

"ఎవరికైనా చెప్పారా?"

"లేదండీ... అంటే, పొద్దున, బొమ్మలు చూసి రిపోర్టులు రాసే డాక్టరుగారు ఫోన్ చేస్తే మాటల్లో చెప్పాను. ఆయన సోమవారం నుంచి సెలవులో ఉన్నారు. ఊళ్ళో లేరు. ఆ తాళం గది ఆయనదే."

లైనమ్మ ఇన్‌స్పెక్టర్ వైపు చెయ్యి చాపింది. "మీవాళ్ళు వేగం పరీక్షించారట కదా. ఆ కాగితం ఇలా ఇవ్వు."

ఇచ్చాడు. అంతా ఒక్క పేజీ. 'వైఫై ద్వారా ఇంత డేటా తీయడానికి తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు పట్టింది. కాబట్టి సాధ్యమే' అని ఉంది.

"ఎక్కడ కూర్చుని చేశారు?"

"వరండాలో."

"వైఫై డబ్బా కింద?"

"కుర్చీ అక్కడే ఉంది. కింద కూర్చోమంటారా?"

"ఎవరి ల్యాప్‌టాప్?"

"మా ఆఫీసుది. కొత్తది."

లైనమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అతని చొక్కా జేబులో దోపింది. "గుర్రాన్ని కొలిచి గాడిద వేగం రాశావు మరిదీ. పద. ఆమె కూర్చున్న కుర్చీలో, ఆమె ల్యాప్‌టాప్‌తో, ఆమె మూసిన తలుపు మూసి కొలుద్దాం."

"టైము వేస్టు."

"టైమే కదా మనం కొలిచేది."

పరీక్ష చిన్నదే. సర్వర్‌లో వెయ్యి మెగాబైట్ల ఫైలు ఒకటి పెట్టింది. దాన్ని ల్యాప్‌టాప్‌లోకి లాగడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడాలి. పోయినవి అరవై వేలు కాబట్టి, వచ్చిన సెకన్లను అరవైతో హెచ్చవేస్తే లెక్క తేలిపోతుంది. ఇందులో ఇంటర్నెట్‌తో పనిలేదు. ఇంట్లో ఒక గది నుంచి ఇంకో గదికి బిందె మోయడం లాంటిది. నీళ్ళు ఊళ్ళోకి ఎంత జోరుగా వస్తున్నాయన్నది కాదు ప్రశ్న. మోసేవాడి దారి ఎంత ఇరుకన్నది ప్రశ్న.

ఆమె తన పాత స్టాప్‌వాచ్ తీసింది.

వరండాలో, డబ్బా కింద, అమ్మాయి ల్యాప్‌టాప్‌తో ఇరవై ఆరు సెకన్లు పట్టింది.

స్కాన్ గదిలో అమ్మాయి బల్ల దగ్గర, తలుపు బార్లా తెరిచి ఉంచితే నలభై అయిదు.

"అరవైతో హెచ్చవెయ్యి," అంది లైనమ్మ.

ఇన్‌స్పెక్టర్ మనసులో లెక్కేసుకున్నాడు. "నలభై అయిదు నిమిషాలు. అయితే ఏంటి? ఆ రోజు వేగం ఎక్కువ ఉండొచ్చు."

"ఇప్పుడు తలుపు మూయి."

అతను తోశాడు. కదల్లేదు. రెండు చేతులతో తోశాడు.

"సీసం రేకు ఉంటుందండీ లోపల," అంది అమ్మాయి మెల్లగా. "కిరణాలు బయటికి పోకుండా. గోడల్లో కూడా ఉంటుంది. బరువు. భుజంతో తొయ్యాలి."

తలుపు మూసుకుంది. వరండాలో మాటలు ఇక వినిపించలేదు. లైనమ్మ స్టాప్‌వాచ్ నొక్కింది. మూడూ పన్నెండు.

తెర మీద పచ్చగీత గోరంత కదిలి ఆగింది. మళ్ళీ కదిలింది.

ఒక నిమిషం. రెండు. గదిలో ముగ్గురు మనుషులు, ఒక పెద్ద మిషన్.

"తలుపు తియ్యనా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ముట్టుకోకు. నీకెప్పుడూ తొందరే. తొమ్మిదేళ్ళ కిందట మీ అన్న ఇంట్లోంచి వెళ్ళిన రోజూ ఇంతే. ఇష్టపడే వెళ్ళాడని రాసి ఒక్క పేజీలో ఫైలు మూసేశావు."

"ఆ విషయం ఇక్కడెందుకు వదినా?"

"ఆయన చెప్పులు గుమ్మంలో ఉన్నాయి. ఇష్టపడి వెళ్ళేవాడు ఎవడైనా ఒట్టి కాళ్ళతో వెళ్తాడా? అడిగావా? ఎవరినైనా ఒక్కమాట అడిగావా?"

"నా అన్న కాదా? నాకు మాత్రం..."

"నీ అన్నే. అందుకే నీకు త్వరగా అయిపోవాలి. ఏడుపు అయిపోవాలి, ఫైలు అయిపోవాలి, ఇంటికి పోయి పడుకోవాలి. ఈ అమ్మాయి విషయంలోనూ అంతే. దొరికిన మనిషిని పట్టుకుని చెయ్యి దులిపేసుకోవడం! పేజీ నిండితే నిజం అయిపోతుందా?"

ఇన్‌స్పెక్టర్ మెడ నరాలు ఉబ్బాయి. అమ్మాయి తన చేతులే చూసుకుంటోంది. పచ్చగీత సగం దాటింది.

ల్యాప్‌టాప్ చిన్నగా టింగుమంది. లైనమ్మ స్టాప్‌వాచ్ అతని ముఖం ముందు పెట్టింది.

ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లు.

"ఇది ఒక్క ఫైలుకి. ఇలాంటివి అరవై. ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. నువ్వేమో తొమ్మిది నిమిషాలంటున్నావు. తలుపు మూసుకుంది కాబట్టి దొంగతనం చేసిందన్నావు. తలుపు మూసుకుంది కాబట్టే చెయ్యలేదు. తెరిస్తే మిషన్ ఆగేది, ఆగలేదు. ఆమెకి సాక్షి లేడన్నావే, ఇదిగో, ఈ తలుపే సాక్షి."

అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇన్‌స్పెక్టర్ తలుపును భుజంతో నెట్టాడు.

"మరి ఎవరు తీశారు? గాలిలో దెయ్యమా?"

"గాలిలో కాదు. తొమ్మిది నిమిషాలంటే ఫైలుకి తొమ్మిది సెకన్లు. మీ కొత్త ల్యాప్‌టాప్‌కి వైఫై డబ్బా కిందే నలభై సెకన్లు ఎక్కువ పట్టింది. ఆ జోరు తీగలోనే వస్తుంది. ఇక్కడ గోడలో తీగ సాకెట్లు ఎన్ని గదుల్లో ఉన్నాయి?"

"రెండు. నా గది, డాక్టరుగారి గది," అన్నాడు బయట నిలబడ్డ మేనేజరు. అని, ఒక్క క్షణం ఆగి, "మేడమ్, నేను మంగళవారం పొద్దంతా నా గదిలోనే ఉన్నానండీ!" అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ గొంతు.

ఇన్‌స్పెక్టర్ ముఖం వెలిగింది. "అయితే మీరే!"

"ఆగు," అంది లైనమ్మ. "ఒకర్ని వదిలి ఇంకొకర్ని పట్టుకోకు. కొలుద్దాం."

మేనేజరు గదిలో తన సొంత ల్యాప్‌టాప్‌కి తీగ తగిలించింది. తొంభై సెకన్లు పట్టింది. అందరూ ఆమె ముఖం చూశారు. ఆమె సాకెట్ మూత ఊడదీసి, లోపలికి చూసి, ఆ రోజులో మొదటిసారి నవ్వింది.

"ఎనిమిది పోగులుండాలి. నాలుగే ఉన్నాయి. మిగతా నాలుగు మీ టేబుల్ మీద ఫోన్‌కి ఇచ్చేశారు. కొత్త తీగ లాగడానికి బద్ధకమేసి మా టెలిఫోన్ వాళ్ళు చేసే పనే ఇది. నేనూ వందసార్లు చేశాను. నాలుగు పోగుల మీద ఇంతకంటే రాదు. అరవై ఫైళ్ళకి గంటన్నర. మేనేజరుగారూ, మీ ఫోన్ మిమ్మల్ని కాపాడింది."

మేనేజరు కుర్చీలో కూలబడ్డాడు.

"ఇప్పుడు ఒకటి చెప్పండి. ఆ నెలలో స్కాన్ తీయించుకున్నవాళ్ళ రిపోర్టులు ఇంకా వస్తున్నాయా?"

"వస్తున్నాయండీ. నిన్న, గురువారం, రెండు వచ్చాయి. డాక్టరుగారు సెలవులో ఉన్నా ఊరి నుంచి మెయిల్ పంపిస్తున్నారు. పాపం, పని ఎగ్గొట్టరు."

"మంగళవారం పోయిన బొమ్మల్ని గురువారం ఎలా చూశాడు?"

ఇన్‌స్పెక్టర్ మెల్లగా టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"నాకు మొదటి నుంచీ అదే తొలుస్తోంది," అంది లైనమ్మ. "చెరపడం అయితే ఒక్క సెకను పని. తొమ్మిది నిమిషాలు కూర్చుని ఎందుకు మోసుకుపోయాడు? ఒక్క దర్జీ బొమ్మ తీస్తే ఎవరి కోసమో తెలిసిపోతుంది. అందుకని నెలంతా తీశాడు. కానీ మిగతావాళ్ళ రిపోర్టులు ఇంకా రాయాలి. అందుకని పారెయ్యలేదు. ఈ బొమ్మలతో పనున్న దొంగ అతనొక్కడే."

"ఊహ," అన్నాడు ఇన్‌స్పెక్టర్. కానీ గొంతులో ముందున్న జోరు లేదు. "ఆ గది తీగలో తొమ్మిది సెకన్లు వస్తుందని మీకేం తెలుసు? అదీ నాలుగు పోగులే కావచ్చు."

"ముందు సర్వర్ దగ్గర చూద్దాం. అక్కడ తొమ్మిది రాకపోతే ఏ గదిలోనూ రాదు."

సర్వర్ మెట్ల కింద అలమరలో ఉంది. అక్కడి నుంచి చూస్తే వరండా మూల అడ్డం వస్తుంది, తాళం గది గానీ ఎదురుగా ఉన్న బల్ల గానీ కనిపించవు. గదుల నుంచి వచ్చే తీగలన్నీ అలమరలోని నల్లడబ్బాలో కలుస్తాయి. ఒక్కో తీగ పక్కన ఒక చిన్న దీపం, ఒక అంకె. లైనమ్మ ఖాళీ రంధ్రంలో తన తీగ గుచ్చి స్టాప్‌వాచ్ నొక్కింది.

తొమ్మిది సెకన్లు దాటాయి. పది. పన్నెండు.

పద్దెనిమిదికి ఆగింది.

"రాలేదుగా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆమె మళ్ళీ నొక్కింది. మళ్ళీ పద్దెనిమిదే. సరిగ్గా రెట్టింపు. ఒక లైను మీద ఇద్దరు మాట్లాడితే ఎలా ఉంటుందో ముప్ఫై ఏళ్ళు విన్న చెవులు ఆమెవి.

"సగం నాకొస్తోంది," అంది. "మిగతా సగం ఎవరో తాగుతున్నారు. ఇప్పుడే. ఈ నిమిషమే."

నల్లడబ్బా మీద ఆరో నంబరు దీపం ఆగకుండా కొట్టుకుంటోంది.

"ఆరో నంబరు ఏ గది?"

"డాక్టరుగారిది," అన్నాడు మేనేజరు. "కానీ తాళం వేసి ఉంది మేడమ్! ఆయన ఊళ్ళో లేరు!"

లైనమ్మ సర్వర్ తెర వైపు చూసింది. రెండో డిస్కు ఖాళీ అవుతోంది. లాగుతున్నవాళ్ళ పేరు పైనే ఉంది. చదివి, పక్కకు జరిగి, ఇన్‌స్పెక్టర్‌ని ముందుకు లాగింది.

"గట్టిగా చదువు."

అతను చదివాడు. స్కాన్ అమ్మాయి పేరు.

అమ్మాయి అతని పక్కనే ఉంది. రెండు చేతులూ ఖాళీ. ఆమె ల్యాప్‌టాప్ అతని చంకలోనే ఉంది, టోపీతో పాటు.

"టైము చెప్పు."

"మూడూ యాభై మూడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"రాసుకో. మూడూ యాభై మూడుకి ఆమె నీ నీడలోనే ఉంది. నువ్వే అన్నావు." లైనమ్మ ఆరో నంబరు తీగ ఒక్క గుంజుతో పీకేసింది. తెర మీద డిస్కు ఖాళీ అవడం ఆగింది. "పదండి!"

మూల తిరిగారు.

తాళం గదికి తాళం లేదు. తలుపు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. ఎదురుగా బల్ల ఖాళీ.

బల్ల కింద గుడ్డసంచి పడి ఉంది. లైనమ్మ వంగి తీసుకుంది. సంచి తేలిగ్గా ఉంది.

"కదలకు అన్నాను," అంది, ఎవరితోనో. "కదలకు అని చెప్పాను కదా!"

ఇన్‌స్పెక్టర్ తలుపు మీద భుజం పెట్టాడు. ఆమె అతని చొక్కా పట్టి వెనక్కి గుంజింది. "ఆగు! లోపల ఎవరి చేతిలో ఏముందో తెలియకుండా తలుపు బద్దలుకొడతావా? ఇంటర్‌కమ్ ఎక్కడ?"

మేనేజరు గోడ చూపించాడు. ఆమె ఆరు నొక్కింది. తలుపు వెనక గంట మోగింది. ఒకటి. రెండు. మూడు. అయిదోసారి ఎవరో ఎత్తారు.

"అక్కా," అంది దర్జీ భార్య. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "మీరు కదలొద్దన్నారు. కేకెయ్యమన్నారు. కానీ ఈ డాక్టరు వెనక మెట్ల నుంచి వచ్చి తాళం తీసుకుని లోపలికి వెళ్తుంటే నోరు రాలేదక్కా. వెనకే వెళ్ళాను. గడియ నేనే పెట్టాను."

"బాగానే ఉన్నావా? తలుపు తియ్యి తల్లీ."

"తెర మీద మా ఆయన పేరుందక్కా. దాని కింద ఈయన రాసుకున్నది ఉంది. నాకు ఆ ఇంగ్లీషు రాదుగా, చదివి చెప్పమన్నాను. రిపోర్టు పంపేసిన తర్వాత, అదే రోజు సాయంత్రం మళ్ళీ చూశాడట. అప్పుడు కనిపించిందట గడ్డ. తొమ్మిదో తారీఖు సాయంత్రం. మా ఆయన ఇంకా రెండు రోజులు బతికే ఉన్నాడక్కా. ఆ రెండు రోజులూ ప్యాంట్లు కుడుతూ కూర్చున్నాడు."

వెనక నుంచి ఒక మగగొంతు "అమ్మా, నా మాట వినండి, నేను ఫోన్ చేద్దామనే అనుకున్నాను" అంటోంది.

లైనమ్మ రిసీవర్‌ను రెండు చేతులతో పట్టుకుంది. "విను. ఇప్పుడు సాక్ష్యం ఉంది. ఆ అమ్మాయి బయటపడింది. ఇన్‌స్పెక్టర్ ఇక్కడే ఉన్నాడు, అతనూ వింటున్నాడు. ఈయన్ని తీసుకెళ్ళే జీపు నాలుగింటికి వస్తోంది. నువ్వు ఆ కత్తెర కింద పెట్టి గడియ తీస్తే చాలు."

"తీస్తానక్కా. నాకు సరిగ్గా అర్థం కావాలని ఇంకోసారి చదవమన్నాను."

"అర్థమైందిగా. ఇక చాలు."

"రెండోసారి చదివేటప్పుడు తారీఖు మార్చేశాడక్కా. పదకొండు అన్నాడు, మా ఆయన పోయిన రోజు."

రిసీవర్‌ను బల్ల మీద పెట్టిన చప్పుడు వచ్చింది. కుర్చీ వెనక్కి జరిగింది. లైనమ్మ అరిచింది. ఇన్‌స్పెక్టర్ ఈసారి ఆమె మాట కోసం ఆగకుండా తలుపును ఢీకొన్నాడు. గడియ విరగలేదు.

ఫోన్‌లో కత్తెర తెరుచుకున్న చప్పుడు వినిపించింది. మూసుకున్న చప్పుడు కోసం లైనమ్మ వింటూనే ఉంది.